వదిలెయ్యడంలో కోచింగ్

ఎంసెట్ రాసిన చెయ్యి ఏ ప్రశ్ననూ వదలదు. 160 ప్రశ్నలు, 3 గంటలు, నెగెటివ్ మార్కుల్లేవు. చివరి ఐదు నిమిషాల్లో తెలియనివాటన్నిటికీ వరసపెట్టి మూడో ఆప్షన్ కొట్టేసి, బయటికొచ్చి "బాగానే రాశా" అనడం మా తరం విద్య. అదే చేత్తో ఐఐఎం సీటు కోసం క్యాట్ రాశాను. అక్కడ ఒప్పుకి మూడు మార్కులిచ్చి, తప్పుకి ఒకటి లాక్కుంటారు. నా దగ్గర బాగా లాక్కున్నారు.

ఈసారి ఇంటిల్లిపాదీ రంగంలోకి దిగారు. మావయ్య 'హిందూ' సంపాదకీయాలు చదవమన్నాడు. నాన్న మర్నాడే పేపరు వేయించారు. సంపాదకీయం నేను, క్రాస్‌వర్డ్ ఆయన పట్టాం. ఆయన బాగా మెరుగుపడ్డారు. పెద్దమ్మ మాత్రం, "విశాఖలో ఐఐఎం పెట్టారుగా, మనవాళ్లకి లోకల్ కోటా ఉండదూ?" అంది. లేదంటే నమ్మలేదు.

కోచింగ్ సారు సలహాతో ఎక్సెల్ షీటు తెరిచాను. మాక్ టెస్టులో పోయిన ప్రతి మార్కుకీ కారణం రాయాలి: తెలియక, తొందరపడి, మొండికేసి. సాఫ్ట్‌వేర్ వాణ్ని కనక రంగులూ ఫిల్టర్లూ పెట్టాను. పరీక్ష 2 గంటలు, షీటుకి శనాదివారాలు. తీరా చూస్తే 'తెలియక' సన్నటి గీత. మిగతాదంతా మొండితనమే.

ఉదాహరణకి ఆ గుండ్రబల్ల పజిల్. ఎనిమిదిమంది కూర్చోవాలి. లాయరు పక్కన డాక్టరు కూర్చోడు, ఎర్రచొక్కావాడికి ఎదురుగా ఇంజినీరే ఉండాలి. పెళ్లి బంతుల్లో కూడా ఇన్ని అలకలుండవు. సెక్షనుకి ఉన్నదే 40 నిమిషాలు. అందులో సగం వీళ్లని బతిమాలడానికే పోయింది. అందరూ సర్దుకున్నారనుకున్నాక చూస్తే, ఎర్రచొక్కావాడు నించునే ఉన్నాడు.

"రెండు నిమిషాల్లో దారి దొరక్కపోతే లేచొచ్చెయ్" అన్నారు సారు. చెప్పడం తేలికే. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే, సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. ఈ సంగతి నా అదృష్టానికి ఎవరూ చెప్పలేదు. జవాబు టైపు చేసే ప్రశ్నలకి మాత్రం కోత ఉండదు. అక్కడ పాత చేతికి స్వేచ్ఛ ఇచ్చేశా. ఏమీ తోచకపోతే 12 కొడుతుంది.

మొన్నటి మాక్‌లో లెక్కలు 22కి సగమే ముట్టుకున్నాను. స్కోరు ఎప్పుడూ లేనంత పెరిగింది. నాన్న కళ్లజోడు సవరించుకుని స్క్రీను చూశారు.

"ఇన్ని ఖాళీలేంట్రా? ఏదో ఒకటి పెట్టేసి రావాల్సింది. పోయేదేముంది?"