వైర్‌లెస్‌కి వైరు ఎటునుంచి లాగాలి?

వైర్‌లెస్‌ అంటే వైరుండదని కొనేవాడు తప్ప ఎవరూ అనుకోరు. బిగించే కుర్రాడు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగే మొదటి మాట, ‘‘కేబులు ఎటునుంచి లాగమంటారు?’’ అని. గాల్లో ఎగిరేది చివరి నాలుగు గజాలే. మిగతాదంతా తీగే.

మేడమీద గదికి వైఫై అందడం లేదని సీలింగుకి యాక్సెస్‌ పాయింటు పెట్టించాం. దాని వెనకనుంచి నీలం క్యాట్‌ సిక్స్‌ కేబులొకటి మెట్లవెంబడి కిందికి దిగింది. టెలిఫోన్‌ ఎక్స్ఛేంజీలో రిటైరైన మా మావయ్యగారు దాన్ని ఎగాదిగా చూసి, ‘‘దీనికి ప్లగ్గేదోయ్‌?’’ అన్నారు.

ప్లగ్గుండదండీ, డేటా వెళ్లే కేబుల్లోనే కరెంటూ వెళ్తుంది, పవర్‌ ఓవర్‌ ఈథర్‌నెట్‌ అంటారు, ఐఈఈఈ వాళ్లు 2003లో దీనికి స్టాండర్డు తెచ్చారు అని గొప్పగా చెప్పాను.

‘‘ఎన్ని వోల్టులు?’’

‘‘సుమారు 48 అండీ.’’

ఆయన మొహం వెలిగిపోయింది. ల్యాండ్‌లైను ఫోన్లకి ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి వెళ్లేదీ ఆ 48 వోల్టులే. మాటా కరెంటూ ఒకే జత తీగల మీద. ఊరంతా చీకటైనా ఫోను మోగేది అందుకే. ‘‘ఈ మాత్రానికి 2003 దాకా ఆగారా?’’ అన్నారు జాలిగా.

ఆగడం సరే, ఆ పేర్లేమిటి! మొదటిది 802.3 ఏఎఫ్‌. 2009లో ఏటీ. 2018లో బీటీ. వైఫై వాళ్లు కూడా ఎన్‌, ఏసీ, ఏఎక్స్‌ అంటూ కొన్నాళ్లు జనాన్ని ఏడిపించి, 2018లో బుద్ధిగా వైఫై 4, 5, 6 అని అంకెల్లోకి దిగారు. వీళ్లకింకా ఆ దయ కలగలేదు. ఏఎఫ్‌లో నెట్‌వర్క్‌ స్విచ్చు 15.4 వాట్లు ఇస్తే, వంద మీటర్ల కేబులు దాటి పరికరానికి చేరతాయని హామీ ఉన్నవి 12.95. ఏటీలో 30కి 25.5. బీటీ అయితే నాలుగు జతల్నీ పనిలోకి దింపి 90 ఇస్తుంది, 71.3 చేరతాయి. తేడా అంతా దారిలో కేబులు వేడెక్కడానికే.

పైగా స్విచ్చు అడిగినవాడికల్లా కరెంటివ్వదు. అదో పెళ్లిచూపుల తంతు. ముందు కాస్త వోల్టేజీ పంపి, అవతల 25 కిలో ఓముల రెసిస్టెన్సు ఉందో లేదో చూస్తుంది. ఉంటే మనవాళ్లే. తర్వాత నీది ఏ క్లాసు, ఎన్ని వాట్లు కావాలి అని ఆరా. అన్నీ కుదిరాకే అసలు వోల్టులు. చవగ్గా దొరికే పాసివ్‌ ఇంజెక్టర్లకి ఈ మర్యాదలేం పట్టవు. అవతల ఎవరున్నారో చూడకుండా 24 వోల్టులు నెట్టేస్తాయి. మన శాస్త్రాల్లో దాన్ని రాక్షస వివాహం అన్నారు.

మాది స్టాండర్డు ప్రకారం కుదిరిన సంబంధమే. అయినా పెట్టె వెలుగుతోంది, ఆరిపోతోంది. ‘‘ఫర్మ్‌వేర్‌ అంకుల్‌’’ అన్నాడు కుర్రాడు. మావయ్యగారు మాట్లాడకుండా జేబులోంచి చిన్న చాకు తీసి కేబులు చివర తీగని గీకారు. రాగి రంగు లేచిపోయి లోపల తెల్లగా కనిపించింది.

‘‘అల్యూమినియానికి రాగిపూత. మీ వాట్లు మెట్లమీదే అయిపోతున్నాయి బాబూ.’’

కుర్రాడు కేబులు వంకా చాకు వంకా చూశాడు.

‘‘అసలు రాగిది బండిలో ఉంది సార్‌. రేటెక్కువని చెప్పలేదు.’’