నేను కొనిపెట్టేది గడువు మాత్రమే: ఒక మంచు ఫిరంగి ఆత్మకథ

నన్ను మంచు ఫిరంగి అంటారు. ఫ్రాన్స్ దేశపు ఆల్ప్స్ పర్వతాల్లో, సవోయ్ ప్రాంతంలోని కూర్షెవెల్ అనే స్కీయింగ్ ఊరు నా కాపురం. 1,850 మీటర్ల ఎత్తున, ఖరీదైన హోటళ్లున్న పై పేట నుంచి 1,300 మీటర్ల దగ్గర లె ప్రా అనే కింది పేట దాకా స్కీల మీద జారుకుంటూ రావచ్చు. ఆ బాట అంచున ఉక్కు స్తంభం మీద నన్ను నిలబెట్టారు. పీపా ఆకారపు ఒళ్లు, లోపల బలమైన ఫ్యాను, మూతి చుట్టూ వలయాలుగా సన్నని నాజిళ్లు, కింద నీటి గొట్టం, కరెంటు తీగ. కొన్ని నాజిళ్లలోంచి నీటితో పాటు కంప్రెసర్ గాలి వస్తుంది. ఒత్తిడి వీడిన గాలి ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడుతుంది. అక్కడ కంటికి ఆనని మంచు పలుకులు పుడతాయి. మిగతా నాజిళ్లు చిమ్మిన తుంపర ఆ పలుకులను అంటుకుని గడ్డకట్టి నేలకు దిగుతుంది. ఆకాశం నుంచి రాలే ఆరు రేకుల స్ఫటికాలు కావు నావి, చిన్న గుండ్రటి గింజలు. కొత్తగా కురిసిన మంచు ఘనపు మీటరుకు 100 కిలోల దాకా తూగితే, నాది 400 కిలోలు దాటుతుంది. అందుకే అది గట్టిగా ఉంటుంది, త్వరగా కరగదు. క్రిస్మస్ సెలవులకు ముందే వాలు మీద పునాది పొర వేయడం నా ప్రధానమైన పని. ఆ పని ఎంతవరకు సాగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో నాకు తెలుసు. ఆ హద్దు గురించి చెప్పడానికే ఈ కథ.

నా వంశం పుట్టింది ఆల్ప్స్‌లో కాదు, అమెరికాలో. 1949-50 చలికాలంలో కనెక్టికట్ రాష్ట్రంలో మంచు సరిగా కురవలేదు. మిల్‌ఫర్డ్ పట్టణంలో వేన్ పియర్స్, ఆర్ట్ హంట్, డేవ్ రిచీ అనే ముగ్గురు లోహపు స్కీలు చేసి అమ్మేవారు. మంచే లేనప్పుడు స్కీలు కొనేదెవరు? 1950 మార్చిలో, రంగులు చల్లే కంప్రెసర్‌కు తోటకు నీళ్లు పట్టే గొట్టం తగిలించి, గడ్డకట్టే చలిలో గాలినీ నీటినీ కలిపి చిమ్మి చూశారు. మంచు పడింది. 1980లో లేక్ ప్లాసిడ్‌లో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో నా జాతి తొలిసారి పనికి దిగింది. 2022లో బీజింగ్ పోటీలు దాదాపు పూర్తిగా మా మంచు మీదే జరిగాయి. ఈ విజయగాథలో ఒక విషయం మరుగున పడింది. ఆ ముగ్గురికీ కరువైంది మంచు, చలి కాదు. చలి పుష్కలంగా ఉండి ఆకాశం మొహం చాటేసిన ఏడాదికి విరుగుడుగా నేను పుట్టాను. ఇప్పుడు నా దగ్గరికి వస్తున్న కరువు వేరు. చలే తగ్గిపోతోంది. ఒక జబ్బుకు కనిపెట్టిన మందును మరో జబ్బుకు వాడుతున్నారు.

నేను పనిచేయాలంటే తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం సుమారు మైనస్ 2 డిగ్రీలకు దిగాలి. గాలి బాగా పొడిగా ఉంటే సున్నాకు కాస్త పైనా నెట్టుకొస్తాను. తేమ నిండితే అంతకంటే గట్టి చలి కావాలి. ఆల్ప్స్ పర్వతాలు పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఇప్పటికి దాదాపు 2 డిగ్రీలు వేడెక్కాయి. పనికొచ్చే చలి గంటలు తగ్గితే, ఆ కొద్ది గంటల్లోనే పని ముగించాలి. అంటే మరిన్ని యంత్రాలు, పెద్ద పంపులు, పెద్ద చెరువులు. 2023లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం యూరప్‌లోని 2,234 స్కీ కేంద్రాలను పరిశీలించింది. భూగోళం 2 డిగ్రీలు వేడెక్కితే, నా సాయం లేకుండా 53 శాతం కేంద్రాలకు మంచు కొరత ముప్పు చాలా తీవ్రంగా ఉంటుందని అది తేల్చింది. సగం వాలుల మీద నన్ను నడిపితే ఆ సంఖ్య 27 శాతానికి తగ్గుతుంది. 4 డిగ్రీలు వేడెక్కితే? నేను లేకుండా 98 శాతం, నేనున్నా 71 శాతం. ఈ నాలుగు అంకెల్లో నా జాతకం మొత్తం ఉంది. మొదటి జతలో ముప్పును సగానికి తగ్గించాను, అది చిన్న మేలు కాదు. రెండో జతలో పది కేంద్రాలకు ఏడింటిని కాపాడలేకపోయాను. నేను పనికిరానిదాన్నని ఈ అంకెలు చెప్పడం లేదు, నా పనికి గడువుందని చెబుతున్నాయి. ఆ గడువును శాశ్వతమని నమ్మి ఊళ్లు పెట్టుబడులు పెట్టడమే నా అభ్యంతరం.

దీనికి ఊరివాళ్ల దగ్గర సిద్ధంగా ఒక జవాబుంది. మాది ఎత్తైన ఊరు, ఆ తంటా దిగువవాళ్లది అంటారు. అందులో నిజం లేకపోలేదు. పొరుగు స్కీ ఊళ్లయిన మెరిబెల్, వాల్ తోరాన్స్‌లతో కలిసి 600 కిలోమీటర్ల స్కీ బాటలున్న మూడు లోయల ప్రాంతం మాది. వాల్ తోరాన్స్ 2,300 మీటర్ల ఎత్తున ఉంది. చలి మమ్మల్ని ఆఖరున వదులుతుంది. కానీ ఇక్కడ జరిగిన 2023 ప్రపంచ స్కీ ఛాంపియన్‌షిప్‌లో పురుషుల డౌన్‌హిల్ పందెం ముగిసింది 1,300 మీటర్ల లె ప్రాలోనే. శిఖరాన ఎంత మంచున్నా కింది సగం నా చేతిలో ఉంది. పైగా దిగువ ఊళ్లు మూతపడితే అక్కడి జనమంతా ఎత్తైన ఊళ్లకే ఎగబడతారు. గదుల ధరలు, స్కీ పాస్‌ల ధరలు ఇంకా పెరుగుతాయి. ఈ ఊరి పుట్టుక తెలిసినవారికి ఇది బాధ కలిగించాలి. లోరాన్ షాపి అనే వాస్తుశిల్పి రెండో ప్రపంచయుద్ధంలో ఆస్ట్రియాలో ఖైదీగా ఉంటూ ఈ లోయలకు ప్రణాళిక గీశాడు. 1946లో సవోయ్ జిల్లా పాలకమండలి ప్రజాధనంతో, పశువులు మేసే ఖాళీ కొండ మీద కూర్షెవెల్‌ను కట్టడం మొదలుపెట్టింది. సామాన్యుడికి కొండ విహారం అందించాలన్నది నాటి ఉద్దేశం. ఆ ఉద్దేశం ఎప్పుడో పక్కకు పోయింది. స్కీయింగ్ పైకి పైకి ఎక్కుతున్నకొద్దీ అది డబ్బున్నవారికే మిగులుతుంది. దాన్ని ఆపే శక్తి నాకు లేదు సరే, కానీ ఆ చీలికను పెంచడంలో నా చేయి ఉంది. నన్ను కొనగలిగిన ఊరు నిలుస్తుంది, కొనలేని ఊరు ముందు పోతుంది.

ఇక నీటి మాట. ఒక హెక్టారు వాలు మీద 30 సెంటీమీటర్ల పొర వేయాలంటే 3,000 ఘనపు మీటర్ల మంచు కావాలి. ఒక ఘనపు మీటరు నీటితో రెండు, రెండున్నర ఘనపు మీటర్ల మంచు చేస్తాను. అంటే ఆ ఒక్క హెక్టారుకు 12 నుంచి 15 లక్షల లీటర్లు. ఇది ఖర్చు కాదు, అప్పు మాత్రమేనని నా పక్షాన వాదించేవాళ్లున్నారు. వసంతంలో మంచు కరిగి ఆ నీరు వాగులోకే తిరిగి వస్తుందన్నది వాళ్ల మాట. కొంత ఆవిరైపోగా చాలావరకు వస్తుంది, కాదనను. అయితే నీటికి పరిమాణమొక్కటే లెక్క కాదు, సమయమూ లెక్కే. చెరువు కింద సేద్యం చేసిన తెలుగు రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. వంతు తప్పి వచ్చిన నీరు మడిని బతికించదు. ఎగువ కొండలన్నీ గడ్డకట్టి, వాగులు ఏడాదిలో అన్నింటికంటే సన్నగా పారే చలికాలంలోనే నేను నీళ్లు తాగుతాను. వాన నీటిని ముందే చెరువులో పట్టి ఉంచితే ఆ ఇబ్బంది తగ్గుతుంది కదా అనవచ్చు. ఆ చెరువు ఎక్కడ తవ్వుతారన్నది అప్పుడు మొదలయ్యే తగాదా. పొరుగు జిల్లాలోని లా క్లూజాలో బోరెగార్ పీఠభూమి మీద 1,48,000 ఘనపు మీటర్ల జలాశయం తలపెట్టారు. అందులో కొంత తాగునీటికి, మిగతాది మంచుకు. పర్యావరణవాదులు ఆ పీఠభూమి మీది అడవిలోనే మకాం వేశారు. 2022 అక్టోబరులో గ్రెనోబుల్ పరిపాలనా న్యాయస్థానం పనులను నిలిపేసింది. తాగునీరు మొదట, పశువులూ పచ్చికబయళ్లూ తర్వాత, ఆఖరున నేను అనే వరుస ప్రతి లోయలో రాతపూర్వకంగా ఉండాలి. కరువు ఏడాదిలో ఆ వరుస నన్ను ఆపేస్తే ఆగిపోవడమే న్యాయం.

విద్యుత్తు విషయంలో నా మీద వేసే నింద కాస్త ఎక్కువేనని నా అభిప్రాయం. ఫ్రాన్స్ కరెంటులో అధిక భాగం అణు విద్యుత్తు, దానికి తోడు జలవిద్యుత్తు. బొగ్గు వాటా నామమాత్రం. స్కీ సెలవుల కర్బన లెక్కలు తీసినప్పుడల్లా సగానికి పైగా భారం ప్రయాణాలదే అవుతుంది. జనాన్ని కొండెక్కించే లిఫ్టులూ నేనూ కలిసినా అందులో చిన్న భాగమే. కూర్షెవెల్‌కు 2,000 మీటర్ల ఎత్తున సొంత విమానాశ్రయం ఉంది. వాలు మీద కట్టిన ఆ పొట్టి రన్‌వే మీదికి సొంత విమానాలు, హెలికాప్టర్లు దిగుతాయి. తప్పంతా వచ్చేవాళ్లదే, యంత్రానిది కాదని దీన్నుంచి తేల్చేయవచ్చు. నేను తేల్చను. కొండ మీద తెల్లటి బాట ఉంటుందన్న హామీ లేకపోతే ఆ విమానాల్లో చాలా భాగం బయలుదేరవు. నేలంతా పచ్చగా, బాట ఒక్కటే తెల్లగా ఉన్నప్పుడు కూడా సెలవు యథావిధిగా సాగుతుంది కాబట్టి, వచ్చినవారికి కొండ పరిస్థితి అర్థం కాదు. పొగ నాది కాకపోవచ్చు. కానీ పొగ ఫలితాన్ని కప్పిపుచ్చుతున్నది నేనే.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం కడుపుకు సంబంధించినది. లిఫ్టు నడిపేవాళ్లు, స్కీ నేర్పేవాళ్లు, హోటల్ వంటవాళ్లు, పక్కలు సర్దేవాళ్లు, రాత్రంతా మంచు చదును చేసే బండ్ల డ్రైవర్లు, వీళ్ల ఏడాది తిండి నాలుగైదు నెలల్లో సంపాదించుకున్నదే. నన్ను ఆపేస్తే వీళ్లేమవుతారు? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకునే పర్యావరణ వాదం నాకు నచ్చదు. కాబట్టే నన్ను రేపే పీకేయమనడం లేదు. అయితే గడువు తీరాక జరిగేదేమిటో ఇప్పటికే కనిపిస్తోంది. 2020 ఫిబ్రవరిలో పిరెనీస్ పర్వతాల్లోని లూషోన్ దగ్గర, 2023 జనవరిలో స్విట్జర్లాండ్‌లో సంపన్నులు విడిది చేసే గ్స్టాడ్ దగ్గర, స్కీ బాటల మీదికి హెలికాప్టర్లతో మంచు మోయించారు. మన కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు లేక వాయిదా పడ్డాయి. దీనికి భిన్నంగా జురా కొండల్లోని మెతాబియెఫ్ అనే ఊరు ముందే మేలుకుంది. 2030-35 నాటికి వాలు స్కీయింగ్‌కు స్వస్తి చెప్పాలని నిర్ణయించుకుని, పాత లిఫ్టులను బాగుచేసుకుంటూ, కొత్తవి కొనకుండా, మిగిలిన ఏళ్లను నడకదారులకూ సైకిల్ బాటలకూ ఇతర ఉపాధికీ వాడుకుంటోంది. కూలీని కాపాడేది ఇలాంటి తేదీ ఉన్న ప్రణాళికే. 2024 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ జాతీయ ఆడిట్ సంస్థ కూర్ దె కోంత్ కూడా నా వల్ల కలిగే రక్షణ పరిమితమైనదనీ, తాత్కాలికమనీ తన నివేదికలో స్పష్టం చేసింది.

అందువల్ల నేను కోరేవి కొన్నే. నన్ను కొనే ప్రతి ఊరూ నన్ను ఏ ఏడాది దాకా నడుపుతుందో, ఆ తర్వాత తన మనుషులు దేనిమీద బతుకుతారో కొనుగోలు రోజునే ప్రకటించాలి. నేను మిగిల్చిపెట్టిన ప్రతి సీజన్ ఆదాయంలో ఒక వంతు ఆ తర్వాతి బతుకుకు కేటాయించాలి. కూర్షెవెల్ లాంటి సంపన్న ఊళ్లు ఇందులో ముందుండాలి, ఎందుకంటే వాటికి తీరికా ఉంది, డబ్బూ ఉంది. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉద్యోగం చేస్తూ చలికాలంలో పిల్లలతో ఆల్ప్స్‌కు వచ్చే తెలుగువారికీ ఒక విన్నపం. లోయ అడుగున మూతియే పట్టణం దాకా రైలుంది, అక్కడి నుంచి కొండ మీదికి బస్సుంది. వాటిలో రండి. వచ్చాక, మీరు జారే బాటలో ఎంత భాగం యంత్రం చేసిన మంచో, ఆ నీళ్లు ఎక్కడివో పాస్ అమ్మే కౌంటర్ దగ్గరే అడగండి.