నా మీద నడిచేవాళ్ళు

నేను చెరువు గట్టుని. ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌లో దల్పత్ సాగర్ నీళ్ళకి అడ్డంగా పడుకున్న మట్టి గట్టుని. నాకు నాలుగు వందల ఏళ్ళని చాలామంది చెబుతుంటారు. లెక్క కుదరదు. నన్ను పోయించిన రాజు దల్పత్ దేవ్ పద్దెనిమిదో శతాబ్దపు మనిషి. బస్తర్ గ్రామం నుంచి రాజధానిని ఇక్కడికి మార్చింది ఆయనే. అంటే నా వయసు సుమారు రెండున్నర శతాబ్దాలు. నూట యాభై ఏళ్ళు కలిపి చెప్పినా నాకేం అభ్యంతరం లేదు. పెద్దదాన్నని కాస్త మర్యాద ఇస్తే చాలు.

నా రక్తంలో ఓరుగల్లు వాసన ఉంది. 1323లో ఆ కోట కూలాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి ఇటు వచ్చాడని దల్పత్ దేవ్ పుట్టిన బస్తర్ రాజవంశం చెప్పుకుంటుంది. పాకాల, రామప్ప చెరువులు కాకతీయుల కాలపువే. ఆ వంశం పేరు చెప్పుకునేవాళ్ళు కొత్త రాజధానికి కొత్త చెరువు తవ్వించారంటే ఆశ్చర్యమేముంది?

గట్టు పొయ్యడమంటే మట్టి కుప్ప పెట్టడం కాదు. పొర మీద పొర పోసి, ప్రతి పొరనీ మనుషులూ పశువులూ తొక్కితేనే బిగుస్తుంది. లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి గట్టు అడుగున వెడల్పుగా, తల దగ్గర సన్నంగా ఉంటుంది. మా జాతి తయారయ్యేదే కాళ్ళ కింద. అందుకే ఇప్పుడు నా మీద నడవడాన్ని కొత్తగా కనిపెట్టిన సౌఖ్యంలా అమ్ముతుంటే నాకు నవ్వొస్తుంది.

ఈ ఊళ్ళో నడక ఎప్పుడూ ఉంది. ఆదివారం సంతకి పల్లెల నుంచి ఆడవాళ్ళు తెల్లారకముందే బయల్దేరేవారు. నెత్తిన అడ్డాకుల కట్టలు, బుట్టలో ఇప్పపువ్వు, తొలకరి పడితే సాలడవిలో తవ్విన బోడా పుట్టగొడుగులు. వాళ్ళు అడుగులు లెక్కపెట్టుకోలేదు. బరువు దించేచోటు ఎంత దూరమో అదొక్కటే లెక్క. ఇప్పటికీ ఆటో దొరకనివాళ్ళు అలాగే నడుస్తారు. వాళ్ళకి ఎదురుగా తెల్ల బూట్లవాళ్ళు చేతులూపుకుంటూ వస్తారు. ఒకరిది బతుకు నడక, ఇంకొకరిది ఆరోగ్యం నడక. ఇద్దరికీ నేను ఒకే వెడల్పు ఇస్తాను.

ఆరోగ్యం నడకని తక్కువ చెయ్యను. పెద్దవాళ్ళు వారానికి కనీసం నూట యాభై నిమిషాలు శరీరానికి ఓ మోస్తరు శ్రమ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులు చురుగ్గా నడిస్తే సరిపోతుంది. జిమ్ముకి నెలకింత కట్టాలి, నాకు కట్టక్కర్లేదు. నడకదారి వేసి దీపాలు పెట్టాక సాయంత్రాలు ఆడపిల్లలు, ముసలమ్మలు కూడా ధైర్యంగా వస్తున్నారు. బీపీ మాత్రలు ఎవరివి తగ్గాయో, ఎవరి కోడలు మాట్లాడ్డం మానేసిందో అన్నీ నాకు తెలుసు.

తెలుగు మాటలూ బాగానే వినిపిస్తాయి. బైలాడిలా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. ఆ పట్టాల వెంట, జయపురం రోడ్డు వెంట శ్రీకాకుళం, విజయనగరం మనుషులు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పిల్లలు బయట హిందీ, సంతలో హల్బీ, ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు మాట్లాడతారు.

ఒక సాయంత్రం రైల్వేలో రిటైరైన పెద్దాయన, ఆయన భార్య, మేనల్లుడు నా మీద బెంచీ చూసుకుని కూర్చున్నారు.

"మావయ్యా, సాగర్ కనబడే ప్లాటుందట. వాకింగ్ ట్రాక్‌కి రెండు నిమిషాలేనట. అందుకే రేటెక్కువ."

"రెండు నిమిషాలా? ఎవడి కాళ్ళతోరా?"

"దలాలు చెప్పాడు మావయ్యా."

"ఆడు బండి మీద చెప్పుంటాడు. మధ్యన పెద్ద రోడ్డు దాటాలా? మీ అత్త మోకాళ్ళతో దాటగలదేటి? వానాకాలంలో చూశావా ఆ జాగా?"

"లేదు."

"ఆగస్టులో చూడు. నీళ్ళెక్కడిదాకా వస్తాయో అదే సాగర్. మిగతాది నీ ప్లాటు."

"ఏటండీ, ఆడింకా కొనలేదు, మీరప్పుడే ముంచేస్తున్నారు," అంది అత్త.

నాకు చేతులుంటే ఆ పెద్దాయనకి దండం పెట్టేదాన్ని. ఇన్నేళ్ళూ నేను చెప్పాలనుకున్నది ఆయన చెప్పేశాడు. నడకదారి ఇంటి విలువ పెంచుతుంది, నిజమే. న్యూయార్క్‌లో వాడకుండా వదిలేసిన సరకు రైలు వంతెనని 2009 నుంచి హైలైన్ పేరుతో నడకతోటగా తెరిచారు. చుట్టూ ఇళ్ళ ధరలు ఎక్కడికో పోయాయి. మా పెద్దక్క, పదహారో శతాబ్దంలో పుట్టిన హుస్సేన్ సాగర్ గట్టు, హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ పేరుతో ఎంత వెలిగిపోతోందో మీకు తెలిసిందే. ధర ఎక్కడ పెరుగుతుందో ఇళ్ళు అక్కడికి జరుగుతాయి. ఇళ్ళు జరిగేకొద్దీ చెరువు వెనక్కి తగ్గుతుంది. చివరికి ఏ నీళ్ళని చూపించి ప్లాటు అమ్మారో ఆ నీళ్ళే ఉండవు.

నా పక్కనా అదే జరిగింది. ఒకడు కంచె పాతాడు, ఇంకొకడు మట్టి తోలాడు, మరొకడు మురుగు కాలవని ఇటు తిప్పాడు. ఛత్తీస్‌గఢ్‌లోని పెద్ద కృత్రిమ చెరువుల్లో ఒకటని పేరున్న సాగర్ ఏటికేడాది కుంచించుకుపోయింది. మురుగులోని నత్రజని, భాస్వరం తిని గుర్రపుడెక్క బలిసింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క అనువు దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఊదారంగు పూలని చూసి ఫోటోలు తీసుకునేవారు. కింద నీళ్ళకి వెలుతురు అందక, ప్రాణవాయువు చాలక చేపలు చచ్చేవి. గాలి ఇటు తిరిగితే ముక్కు మూసుకుని నడవాల్సిందే.

అప్పుడు ఊరే కదిలింది. పొద్దున్నే నడవడానికి వచ్చేవాళ్ళలో కొందరు ప్యాంట్లు మడిచి నీళ్ళలోకి దిగారు. చేతులతో డెక్క లాగి నా మీద కుప్పలు పోశారు. తర్వాత కలుపు తీసే యంత్రమూ వచ్చింది. దీపోత్సవం రోజున నా పొడుగునా దీపాలు వరసకట్టాయి. శివరాత్రికి నీళ్ళ మధ్య దిబ్బ మీదున్న శివయ్య దగ్గరికి పడవల్లో జనం వెళ్తారు. నీళ్ళు లేకపోతే ఆ పడవలెందుకు? అయినా పోరు తీరలేదు. డెక్క మళ్ళీ మొలుస్తుంది, మురుగు ఆగనంతకాలం మొలుస్తూనే ఉంటుంది.

అందుకని ఇల్లు కొనేవాళ్ళకి నా మాట ఇది. నడకదారి పక్కన కొనుక్కోండి, మంచిదే. పొద్దున ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వచ్చి నడిచి చూడండి. దీపాలు వెలుగుతున్నాయా, నీడనిచ్చే చెట్లున్నాయా, పసిపిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటగలరా? మీ ఇంటి మురుగు ఎటు పోతుందో అమ్మేవాణ్ణి అడగండి. తడుముకున్నాడంటే అది సాగర్‌లోకే. ఖస్రా నంబరు, అంటే సర్వే నంబరు, రాసుకుని ఊరి లెక్కలు చూసే పట్వారీ దగ్గరికెళ్ళి నక్షాలో చెరువు హద్దు చూడండి. 2024లో హైదరాబాద్‌లో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ యంత్రాలు చెరువుల నిండు నీటిమట్టపు హద్దు (ఎఫ్‌టీఎల్) లోపల లేచిన ఇళ్ళని కూల్చినప్పుడు, కాయితాలన్నీ ఉన్నాయని నమ్మి కొన్నవాళ్ళూ రోడ్డున పడ్డారు.

నా మీద నడిచే హక్కు కొన్నవాళ్ళకే కాదు, అడ్డాకుల కట్ట మోసుకొచ్చే ఆమెకీ ఉంది. నన్ను ప్రహరీ లోపల కలుపుకుని గేటు పెట్టించుకోవాలని చూసే ప్లాటు మీకొద్దు. సాగర్ హద్దు సాగర్‌కి వదిలేసి, దానికి అవతల ఇల్లు కట్టుకున్నవాళ్ళకే రేపు నడవడానికి నేనుంటాను.