పూజకు పనికిరాని పువ్వు

పెరడు ఎంత పెద్దదైనా అందులో మొగుడికి వదిలేసే మూల ఒకటుంటుంది. మీకూ ఉండే ఉంటుంది. చికాగో పక్కన నేపర్‌విల్‌లో మా ఇంటి వెనక నా వాటాకి వచ్చింది ఏసీ డబ్బాకీ కంచెకీ మధ్య జానెడు జాగా. అదీ గులకరాళ్ళది. ఎండ బాగా తగిలే చోటంతా గోంగూర, బీర, టమాటా. అది మా ఆవిడ సంస్థానం. అక్కడ నాది నీళ్ళు మోసే కొలువు.

నా జానెడు జాగాలో ఏది పెట్టినా కుందేళ్ళ పాలయ్యేది. అవి ముట్టనిదేదో వేసి తీరాలనుకున్నాను. ఉల్లి జాతి ఘాటు కుందేళ్ళకీ జింకలకీ మామూలుగా గిట్టదు. పైగా ఈ ఇల్లినాయ్ పచ్చికబయళ్ళలో ఎవరూ నాటకుండానే పెరిగే అడవి ఉల్లి ఉందనీ, గులాబీ రంగు పూలు పూస్తుందనీ చదివాను. ఒకే ఒక్క పుస్తకం చదివినవాడి గర్వం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? ఆ రాత్రి కంచం ముందు కూచుని గంభీరంగా దాని శాస్త్రీయనామం "అల్లియం సెర్నువం" అన్నాను.

"పప్పు వేసుకుంటారా?" అంది మా ఆవిడ.

ఆ గింజలకి తడి మట్టిలో రెండు నెలలు చలి తగిలితే గానీ మొలకెత్తే బుద్ధి పుట్టదు. పెరుగు డబ్బాలో మట్టి నింపి, నల్లటి గింజలు చల్లి, ఫ్రిజ్‌లో పచ్చిమిరపకాయల వెనక దాచాను. తెల్లారేసరికి డబ్బా బయట మంచులో ఉంది. మా ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా మూత తీస్తే దోసెల పిండి ఉండొచ్చు, మొన్నటి సాంబారు ఉండొచ్చు, మట్టి మాత్రం ఉండకూడదట. తమాషా ఏమిటంటే గింజలకి అదే కలిసొచ్చింది. ఇక్కడి మొక్కకి ఇక్కడి చలికాలాన్ని మించిన ఫ్రిజ్ లేదు.

మంచు కరిగాక మొలిచాయి. ఉల్లి మొలక నిటారుగా రాదు. నడుం వంచుకుని మట్టిలోంచి లేస్తుంది, ఆ తర్వాత మెల్లగా ఒళ్ళు విరుచుకుంటుంది. కొసన నల్లటి గింజ తొక్క ఇంకా అంటుకునే ఉంటుంది. నేను మోకాళ్ళ మీద కూచుని అది చూసి మురిసిపోయి లోపలికెళ్ళాను. మా ఆవిడ వచ్చి చూసి, గడ్డి అనుకుని సగం పీకేసింది.

విత్తనం వేస్తే పువ్వు చూడ్డానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఆలోగా నేనేం ఊరుకున్నానా? ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ ఆ మూలకి లాక్కెళ్ళి "చికాగోకి పేరొచ్చింది దీనివల్లే" అని చెప్పేవాణ్ణి. ఒకసారి చుట్టాల ముందే మా అమ్మాయి, "నాన్నా, ఆ ఉల్లి ఇది కాదు, ర్యాంప్ అని వేరే ఉంది. వెడల్పాటి ఆకులు, తెల్లటి పూలు, చెట్ల నీడలో పెరుగుతుంది" అంది. 1687లో ఇటు వచ్చిన జూతెల్ అనే ఫ్రెంచివాడి రాతలు పట్టుకుని, జాన్ స్వెన్సన్ అనే ఆయన 1991లోనే ఈ వాదన చేశాడట.

"ముందే చెప్పొచ్చుగా?" అన్నాను.

"నువ్వు అంత సంతోషంగా చెప్తుంటేనూ..."

ఇక మా సెర్నువం సంగతి. దాని కాడ కొసన వంకీ తిరిగి, పూలగుత్తి ఎప్పుడూ నేలచూపులు చూస్తుంటుంది. జూలైలో మొగ్గలు వేలాడుతూ కనబడగానే గింజల ప్యాకెట్ పట్టుకుని ఇల్లంతా ఊరేగాను. "పువ్వు విచ్చేదాకా ఆగు నాన్నా" అంది మా అమ్మాయి. స్టెల్లాటం అని ఇంకో అడవి ఉల్లి ఉందట. రాతినేలల్లో బాగా పెరుగుతుంది. అదీ మొగ్గలో తల వంచుకునే ఉంటుంది, పువ్వు విచ్చే వేళకి తలెత్తేస్తుంది.

ఆగస్టులో ఎత్తింది. కాడలు నిక్కబొడుచుకుని నిలబడ్డాయి. ఆరేసి రేకుల బుల్లి నక్షత్రాలు, రేకులు దాటి పొడుచుకొచ్చిన కేసరాలు, చుట్టూ తేనెటీగలు. ప్యాకెట్ మీది పేరు ఏదైతేనేం, చూడముచ్చటగా ఉన్నాయి. సరిగ్గా ఆ వారమే వరలక్ష్మీ వ్రతం. మంచి మార్కులు కొట్టేద్దామని గుప్పెడు పూలు కోసి, స్టీలు పళ్ళెంలో సర్ది, పేరంటాళ్ళ మధ్యనుంచి తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టాను.

మా ఆవిడ మంత్రం ఆపి ముక్కు ఎగబీల్చింది. తెగిన కాడల ఘాటు గదంతా కమ్ముకుంది. వంటింట్లోకే ఉల్లి రానివ్వని రోజున నేను ఉల్లిపూలు తెచ్చి అమ్మవారి పాదాల దగ్గర పోశాను! మా అమ్మాయి వచ్చి ఆ పూలు తలెత్తిన కథంతా పేరంటాళ్ళకి విప్పి చెప్పింది. మా ఆవిడ పళ్ళెం నా చేతికిచ్చి, "అయితే ఈ ఇంట్లో తల వంచుకుని తిరిగేది ఇక మీరొక్కరేనన్నమాట" అంది.

ఒక్క మాట మాత్రం ఆవిడ ముక్కు సాక్షిగా చెబుతున్నాను. అడవి ఉల్లిలా కనబడే మొక్క ఆకు నలిపితే ఉల్లి వాసన రాకపోతే నోట పెట్టకండి. డెత్ కామస్ అనే విషపు మొక్క చూడ్డానికి ఇలాగే ఉంటుంది, ఆ వాసన మాత్రం ఉండదు.

శరత్కాలంలో గింజలు నల్లబడతాయి. కావాలంటే వచ్చి పట్టుకెళ్ళండి. డబ్బా మాత్రం మీరే తెచ్చుకోండి, మా ఇంట్లో డబ్బాల మీద నాకు అధికారం లేదు.