ఎండెక్కితే వచ్చే జాబర్ మామ

షోలాపూర్ తూర్పు భాగంలో మగ్గాలు బాగుచేసే జాబర్ మామ లేని గల్లీ ఉండదు. అశోక్ చౌక్ అయినా, దాజీపేట అయినా, సాఖర్‌పేట అయినా, సాంచా, అంటే మరమగ్గం, చప్పుడు వినబడే చోటల్లా ఒక మామ తప్పకుండా ఉంటాడు. తాతలు తెలంగాణ జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చిన పద్మశాలీలు. తండ్రి బట్టల మిల్లులో చేశాడు, ఈయన పవర్‌లూమ్ కార్ఖానాల్లో సాంచాలు బాగుచేస్తూ అరవై దాటాడు. బేరం మరాఠీలో ఆడతాడు, తిట్టడం మాత్రం తెలుగులోనే.

చలికాలంలో ఈయన వేషం చూడాలి. తలకు మఫ్లర్, దాని మీద మంకీ టోపీ, భుజాల చుట్టూ షోలాపూర్ చద్దరు. ఆ చద్దరుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని తెలిసినప్పటి నుంచి అది తన సొంత ఘనత అన్నట్టే కప్పుకుంటాడు. నేసింది మరెవరో అని ఎవరైనా గుర్తుచేస్తే, "ఆ సాంచా నడిపించింది ఎవరు?" అని ఎదురడుగుతాడు.

డిసెంబర్‌లో తెల్లవారుజామున ఊరు పన్నెండు పదమూడు డిగ్రీలకు దిగుతుంది. బేరింగుల్లో గ్రీజు బిగుసుకుంటుంది, పళ్లచక్రాల దగ్గర నూనె చిక్కబడుతుంది. మోటారు మూలుగుతుంది, బెల్టు జారుతుంది, నాడె ఆ దరి చేరకుండానే పడుగు మధ్యలో ఆగిపోతుంది. దానికి తోడు గాలి పొడిబారితే నూలు పోగులు పుటుక్కున తెగుతుంటాయి. అప్పుడు కార్ఖానా పిల్లాడు మామ ఇంటికి పరుగెత్తుతాడు. మామ దుప్పటిలోంచే అడుగుతాడు: "ఎండ పడ్డదారా?"

"ఇంకా లేదు మామా."

"మరి నన్నెందుకు లేపినవ్?"

తొమ్మిదిన్నరకు లేస్తాడు. చాయ్ తాగి, బీడీ వెలిగించి, దారిలో కనిపించిన ప్రతివాడితో రాజకీయం మాట్లాడుతూ పదింటికి చేరతాడు. అప్పటికి రేకుల షెడ్డు వేడెక్కి ఉంటుంది. మామ సాంచా మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకొని, అటు రెండు చుక్కలు ఇటు రెండు చుక్కలు నూనె వేసి "ఇగ నడువ్" అంటాడు. నడుస్తుంది. సూర్యుడు ఏనాడూ రెండొందలు అడగలేదు గనుక ఆ రెండొందలు మామకే దక్కుతాయి.

ఈ ఖ్యాతి సాంచాలతో ఆగి ఉంటే బాగుండేది. తువ్వాళ్ల వ్యాపారంలో నాలుగు రూకలు వెనకేసుకున్న సేటు ఒకాయన ఊరవతల దానిమ్మ తోట కొన్నాడు. షోలాపూర్‌లో జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రమే ఉంది కదా, సేటుకు తోట లేకపోతే ఎలా? చెట్ల వరుసల మధ్య తిరగడానికి చిన్న ట్రాక్టరు కూడా వచ్చింది. జనవరిలో, సిద్ధేశ్వరుడి జాతర రోజుల్లో, ఒక పొద్దున్నే దాని లిఫ్టు మొండికేసింది. లివరు ఎత్తితే రోటవేటరు మూలుగుతూ జానెడు లేచి, ఆలోచనలో పడ్డట్టు ఆగిపోయింది. కబురు మామకే వెళ్లింది.

"హైడ్రాలిక్ లేస్తలేదు మామా, జల్దీ రా!"

"నేనే లేస్తలేను, అది లేస్తదా?"

పదింటికి వచ్చాడు. ఇంజిను స్టార్టు చేయించి, రోటవేటరు నేల మీదే ఉంచి, పదిహేను నిమిషాలు నెమ్మదిగా తిరగనిమ్మన్నాడు. తర్వాత లివరు తడవకు కొంచెం కొంచెం ఎత్తించాడు. లిఫ్టు ఏ గొడవా లేకుండా లేచింది. సేటు నోరు తెరిచాడు. మామ మఫ్లర్ సర్దుకున్నాడు.

ఇక్కడ మామను తక్కువ చేయడానికి వీల్లేదు. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి గేర్లకూ హైడ్రాలిక్‌కూ నూనె ఒక్కటే. చలికి అది చిక్కబడితే జాలీలోంచి పంపుకు అందదు, పంపు ఆకలితో మూలుగుతుంది. డబ్బా మీద 68 అని ఉంటుందే, ఆ చిక్కదనం 40 డిగ్రీల వేడి దగ్గర కొలిచినది. షోలాపూర్ మే నెలలో ఆ వేడికి లోటు లేదు, జనవరి పొద్దున ఎక్కడ దొరుకుతుంది? ఇదంతా మామ ఏ పుస్తకంలోనూ చదవలేదు, చెవితో విన్నాడు. "వేడెక్కినంక గూడ మూలిగితే జాలీల చెత్త ఉన్నట్టు. నూనె పాల లెక్క తెల్లగయితే నీళ్లు కలిసినట్టు" అని అసలు మాట కూడా చెప్పాడు. కానీ అసలు మాటకు ఎవరూ డబ్బులివ్వరు, కళ్లు మూసుకోవడానికే ఇస్తారు.

సేటు మేనల్లుడు ఒకడు కెనడాలో ఉంటాడు. వీడియో కాల్‌లో ఈ సంగతి విని పగలబడి నవ్వాడు. "మాకు మైనస్ ఇరవై ఉంటది మామా! రాత్రంతా ఇంజినుకు హీటరు పెడతం."

"హీటరు కరెంటు బిల్లెంత?" అని అడిగాడు మామ. అవతల నుంచి జవాబు రాలేదు. "గందుకే పదింటిదాక పండుకోవాలె. మల్ల మీకాడ పలుచటి నూనె పోస్తరు గదా, గది మాకు జెప్పవేంది?"

మామ లెక్కకు లొంగని మనిషి లోకంలో అత్త ఒక్కతే. గడపలో కూర్చొని బీడీలు చుడుతూ ఒకే ఒక్క మాట అంది: "తునికాకు పొద్దున పెళుసయితదని రాత్రే తడిపి పెడ్తా. నీ సాంచాకు రాత్రే నూనె మార్చొచ్చు గదా?"

"మారిస్తే పొద్దుగాల నన్నెవడు పిలుస్తడే?" అన్నాడు మామ, పొరపాటున నిజం చెప్పేసి.

ఎండలు ముదిరాక సేటు మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి రోగం తిరగబడింది. నూనె పలచబడి, అరిగిన సీళ్ల సందుల్లోంచి జారిపోతోంది. పైకెత్తిన రోటవేటరు చూస్తుండగానే మెల్లగా కిందికి దిగుతోంది.

"జల్దీ రా మామా!"

"గీ ఎండల ఎట్లొస్త సేటూ? పొద్దుగూకినంక వస్త."