సిమెంటు కట్టు కాపురం

చీలమండ పక్కనున్న ఎముక చిట్లితే కట్టు ఆరు వారాలు. ఎముక పక్కకు జరగకపోతే ఆపరేషన్ అక్కర్లేదు. మోకాలి దిగువ నుంచి వేళ్ల మొదలు దాకా సిమెంటు కట్టు వేసి, కాలు కింద మోపొద్దని చెప్పి ఇంటికి పంపిస్తారు. చిట్లింది ఇల్లాలి ఎముక అయితే ఆ కట్టు ఇంట్లో తక్కిన అందరికీ పడుతుంది. వైద్య గ్రంథాల్లో ఈ రెండో సంగతి రాయరు.

ఉదాహరణకు తీసుకున్న ఇల్లు సికింద్రాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంది. నివాసులు నలుగురు: ఇల్లాలు, ఇంటాయన, నాలుగో తరగతి అమ్మాయి, యూకేజీ అబ్బాయి. ప్రమాదానికి మూలం బాత్రూములో జరిగిన కారు సర్వీసింగ్. అబ్బాయి తన బొమ్మ కారుకు అర సీసా షాంపూ పట్టించి, కడిగి, తుడిచి, ఎత్తుకుపోయాడు. గచ్చు తుడవడం సర్వీసింగ్ కిందికి రాదు. రెండు నిమిషాల తర్వాత వాళ్లమ్మ లోపల అడుగు పెట్టింది. విచారణలో అబ్బాయి నేరం ఒప్పుకోలేదు. "నేనూ అక్కడే నడిచాను, నేను పడలేదు కదా" అన్నాడు. దీనికి ఎవరి దగ్గరా జవాబు లేకపోవడంతో కేసు కొట్టేశారు.

సిమెంటు కట్టు అంటారు కానీ అందులో సిమెంటు ఉండదు. జిప్సం రాయిని 150 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని నీటిలో ముప్పాతిక వంతు పోయి పొడి మిగులుతుంది. ఆ పొడికి మళ్లీ నీళ్లు తగిలితే రాయి అయి కూర్చుంటుంది. పారిస్‌లో మోంమార్త్ర్ గుట్ట దగ్గర ఈ రాయి దండిగా దొరికేది కాబట్టి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అని పేరు. ఆ పొడిని గుడ్డ పట్టీలకు పట్టించి విరిగిన ఎముకలకు చుట్టే పద్ధతిని 1852లో అంటోనియస్ మాతైసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు లోకానికి చెప్పాడు. గట్టిపడేటప్పుడు ఈ పిండి కాస్త వేడెక్కుతుంది. ఆసుపత్రిలో అబ్బాయి దాన్ని వేలితో తాకి చూసి, "అమ్మ కాలు ఉడికిందా?" అని అడిగాడు.

పంపించేటప్పుడు చెప్పే నియమాలు ఎక్కడైనా ఇవే: కట్టు తడవకూడదు, దాని మీద బరువు పడకూడదు, లోపల ఏమీ దూర్చకూడదు, కాలు గుండె కంటే ఎత్తులో ఉంచాలి. నాలుగోది తేలికే అనిపిస్తుంది. ఇంట్లో ఉన్న దిండ్లు ఆరు, కాలికి మూడు పోయాయి, వీపుకి రెండు. మిగిలిన ఒక్కదాని కోసం ఆ రాత్రి ముగ్గురు మనుషులు పోట్లాడుకున్నారు. అమ్మాయి గెలిచింది.

మర్నాడు ఉదయం ఆరింటికి ఇంటాయన వంటింట్లోకి ప్రవేశించాడు. ఆయనకు వంటిల్లు కొత్త కాదు. మంచినీళ్లకీ, ఫ్రిజ్‌కీ, పండగపూట గారెల రుచి చూడటానికీ పదమూడేళ్లుగా వస్తూ పోతూ ఉన్న చోటే. అందులో పని చేయడమే కొత్త.

మొదటి రోజే తేలిన విషయం, ఈ ఇల్లు ఇన్నాళ్లూ చెవితో నడుస్తోందని. పడకగదిలో మంచం మీద ఉన్న మనిషికి వంటిల్లు కనపడదు. అయినా "ఏమండీ, పాలు" అని కేక వచ్చేది. ఆయన తిరిగి చూసేసరికి పాలు గిన్నె అంచుకు వచ్చి ఉండేవి. కాగే పాలు ముందు సన్నగా రొద చేస్తాయనీ, పొంగే ముందు ఆ రొద తగ్గుతుందనీ, తగ్గినప్పుడు పరుగెత్తాలనీ ఆమె వివరించింది. శాస్త్రం ప్రకారం పాల మీద మీగడ పొర కట్టుకుంటుంది, దాని కింద ఆవిరి ఇరుక్కుని పొరను పైకి నెడుతుంది. ఈ శాస్త్రం తెలిసిన ఆయన స్టవ్ మూడుసార్లు తుడిచాడు, తెలియని ఆమె పదమూడేళ్లలో ఎన్నిసార్లు తుడిచిందో ఆయనకు గుర్తు లేదు. ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడలేదని, సింకు కొళాయి పూర్తిగా కట్టలేదని, పిల్లవాడు చప్పుడు చేయడం లేదు కాబట్టి ఏదో చేస్తున్నాడని, అన్నీ ఆ మంచం మీది నుంచే తెలిసిపోయేవి. ఆఖరి దాంట్లో ఆమె అంచనా ఒక్కసారి కూడా తప్పలేదు.

కుక్కర్ విషయం కొంచెం విడిగా చెప్పాలి. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి భౌతిక శాస్త్రజ్ఞుడు లండన్‌లో ఈ పాత్రకు పూర్వీకుణ్ణి తయారుచేశాడు. ఆయన దాన్ని కనిపెట్టింది ఎముకల్ని మెత్తగా ఉడికించడానికి. ఎముక గట్టిపడాల్సిన ఇంట్లో రోజుకు రెండుసార్లు ఆ పాత్రే పొయ్యెక్కడం విడ్డూరమే అయినా, పప్పు ఉడకాలంటే వేరే దారి లేదు. మూత బిగించినప్పుడు లోపల ఒత్తిడి పెరిగి నీరు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఎక్కువైన ఆవిరి బరువును ఎత్తి బయటికి దూకుతుంది, అదే విజిల్. విజిల్ అన్నది కాలానికి కొలత కాదు. మంట పెంచితే గబగబా వస్తుంది, తగ్గిస్తే తీరిగ్గా వస్తుంది. అయినా తెలుగు ఇళ్లలో వంట సూత్రాలన్నీ విజిళ్లలోనే ఉంటాయి: అన్నానికి మూడు, కందిపప్పుకి నాలుగు, శనగలకు ఓపిక ఉన్నన్ని.

ఇంటాయన శ్రద్ధగా లెక్కపెట్టాడు. నాలుగు రాగానే కట్టేశాడు. మూత తీస్తే పప్పు గులకరాళ్లలా గలగలమంది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆయన "రెండు" అని పైకి లెక్కపెడుతుండగా పడకగది నుంచి కేక వచ్చింది.

"అది మనది కాదండీ, పక్కింటిది."

అపార్ట్‌మెంట్లలో వంటింటి కిటికీలన్నీ ఒకే డక్టులోకి తెరుచుకుంటాయి. రెండు రోజులుగా ఆయన లెక్కలో సగం విజిళ్లు పక్క ఫ్లాటు వాళ్లవి. మన కుక్కర్ గొంతు కాస్త బొంగురు, వాళ్లది సన్నం అని ఆమె తేడా చెప్పింది. ఆయన ఆరు వారాలూ విన్నాడు. తేడా పట్టుకోలేకపోయాడు.

రవ్వల దగ్గర జరిగింది పొరపాటని కొందరు, ఆవిష్కరణ అని ఇంటాయన అంటారు. డబ్బాల మీద పేర్లుండవు. బొంబాయి రవ్వ అనుకుని ఆయన ఇడ్లీ రవ్వతో ఉప్మా చేశాడు. పోపు మాడలేదు, ఉప్పు సరిపోయింది, నీళ్లు మాత్రం అంచనాకు అందకుండా రవ్వలోకి పోతూనే ఉన్నాయి. చివరికి పొడిపొడిగా, ఉప్మాకు పెదనాన్న వరస అయ్యేలాంటి పదార్థం ఒకటి పళ్లెంలోకి వచ్చింది. మంచం మీద దాన్ని రుచి చూసి ఇల్లాలు, "పెసరపప్పు వేసి ఉంటే దీన్ని ఉప్పుడుపిండి అంటారు" అంది. పేరు దొరికితే చాలు, వంటకం గట్టెక్కినట్టే. పిల్లలు ఆవకాయ నంజుకుని రెండోసారి పెట్టించుకున్నారు. ఆయన ఆ తర్వాత ఆఫీసులో ముగ్గురికి ఆ వంట చెప్పాడు. డబ్బా మారిందన్న సంగతి చెప్పలేదు.

ఇడ్లీ పిండికి ఇలాంటి అదృష్టం పట్టలేదు. మినప్పప్పు ఒకటికి ఇడ్లీ రవ్వ రెండు, ఆ లెక్క ఆయన తప్పలేదు. గిన్నె సైజులో తప్పాడు. రుబ్బిన పిండి అంచుదాకా నింపి, పైన మూత, మూత మీద పురుగు దూరకుండా పప్పు గుత్తి పెట్టాడు. పిండిని పొంగించేది ల్యూకోనాస్టాక్ అనే సూక్ష్మజీవి. అది వాయువు వదులుతుంది, మార్చి నెల హైదరాబాద్ రాత్రుల్లో దానికి పని చేయడం మహా ఇష్టం. రెండు గంటల వేళ ఇల్లాలు భర్తను లేపి, "వంటింట్లో ఏదో టప్ టప్‌మని కారుతోంది" అంది. ఆయన వెళ్లి, చీకట్లోనే కొళాయి గట్టిగా బిగించి వచ్చి పడుకున్నాడు. తెల్లవారి లైటు వేస్తే పప్పు గుత్తి కింద ఉంది, మూత స్టవ్ మీద ఉంది. పిండి గట్టు దిగి, చెంచాల సొరుగులోకి వెళ్లి, అక్కడ కూడా పొంగుతోంది.

పరామర్శకు వచ్చేవాళ్లు మూడో రోజు నుంచి మొదలవుతారు. బత్తాయిలు, యాపిళ్లు, బ్రెడ్డు పాకెట్టు తెస్తారు. విరిగింది కాలు, పాడైంది కడుపు కాదు అని బ్రెడ్డు తెచ్చేవారికి చెప్పడం మర్యాద కాదు. ప్రతివారి దగ్గరా ఇంతకంటే పెద్ద ఫ్రాక్చరు కథ ఒకటి ఉంటుంది, అది చెప్పనిదే లేవరు. పథ్యం దగ్గర అభిప్రాయ భేదాలు తీవ్రం. వంకాయ వద్దు, చీము పడుతుందని ఒక పిన్నిగారు. పుండే లేనిచోట చీము ఎక్కడ పడుతుందని అమ్మాయి అడిగితే, "పెద్దవాళ్ల మాటలకు అడ్డు రాకూడదు" అని జవాబు. మేక కాళ్ల పాయా వారానికి మూడుసార్లని మేడ మీదాయన. చిత్తూరు వైపు నుంచి వచ్చిన బాబాయిగారు అసలు ఆసుపత్రికి పోవడమే తొందరపాటు అన్నారు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో వేసే పుత్తూరు కట్టు ఆయన దృష్టిలో అన్నిటికీ పైది. దానికోసం ఉన్న కట్టును పగలగొట్టించడానికి కూడా ఆయన సిద్ధపడ్డారు, సుత్తి ఎక్కడుందని అడిగారు. ఇంటాయనకు అది ఎక్కడుందో నిజంగానే తెలియదు. రాగిజావ ఒక్కదాని మీదే అందరికీ ఏకాభిప్రాయం. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది కాబట్టి దానికి వాదన అక్కర్లేదు. ఉండలు కట్టకుండా కాచడమే చేతకావాలి.

వీటన్నిటిలో నల్లేరు ప్రత్యేకం. నాలుగు పలకల కాడతో పాకే ఈ తీగను సంస్కృతంలో అస్థిసంహారక అంటారు. పేరు వింటే భయం వేసినా ఎముకలు అతికిస్తుందనే ప్రతీతి. ఎవరో ఒక కట్ట తెచ్చి పచ్చడి చెయ్యమన్నారు. లేత కాడలే తీసుకోవాలి, చేతులకు నూనె రాసుకోవాలి, ఈనెలు తీయాలి, నూనెలో వేయించి చింతపండు దండిగా వేయాలి. లేకపోతే దురద. ఈ నాలుగు మాటలు ఆయన పచ్చడి చేశాక తెలుసుకున్నాడు. అప్పటికే ఇల్లాలికి కట్టు లోపల దురద మొదలై వారం అయింది. దానికి హెయిర్ డ్రయర్‌తో చల్లగాలి తప్ప మందు లేదు, స్కేలు దూర్చి గోకితే చర్మం గీసుకుని పుండు పడుతుంది. అమ్మాయి జామెట్రీ బాక్సులోని స్కేలును అందుకే బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ సాయంత్రం మంచం మీద ఒకరు కాలు వైపు చూస్తూ, కుర్చీలో ఒకరు రెండు అరచేతులూ చూసుకుంటూ కూర్చున్నారు. ఉన్న డ్రయర్ ఒక్కటే.

బడి వ్యవహారాలు అన్నిటికంటే కష్టం, ఎందుకంటే అవి రాత్రి తొమ్మిదిన్నరకు గానీ బయటపడవు. తరగతి తల్లుల వాట్సాప్ గ్రూపులో ఇంటాయనను తాత్కాలికంగా చేర్చారు. రోజుకు వచ్చే నూరు మెసేజీల్లో పనికొచ్చేది ఒక్కటి. ఆ ఒక్కటీ ఆయన కంటపడేసరికి మర్నాడు ఫ్యాన్సీ డ్రెస్సు, అంశం 'మనకు సాయపడేవారు'. పోలీసు, పోస్టుమ్యాను, డాక్టరు దుస్తులు ఆ వేళప్పుడు అద్దెకు దొరకవు. ఇంట్లో ఉన్నది మిగిలిపోయిన క్రేప్ బ్యాండేజీ. దాన్ని అబ్బాయి కాలికి చుట్టి, చేతికి గరిటె ఇచ్చి పంపించారు. ఇది ఎవరి వేషమో ఆయనకే తెలియదు. టీచరు అడిగితే అబ్బాయి తడుముకోకుండా "మా అమ్మ" అన్నాడట. కన్సొలేషన్ బహుమతిగా స్కేలు ఇచ్చారు. అదీ బీరువాలోకి వెళ్లింది.

ఆరు వారాలు నిండాక కట్టు కోయించారు. కోసే రంపం గిర్రున తిరగదు, అటూ ఇటూ అదురుతుంది. గట్టిదాన్ని కోస్తుంది, మెత్తటి చర్మం దానితోపాటు అదరడంతో మామూలుగా తెగదు. ఇంత వివరంగా చెప్పినా ఇంటాయన కళ్లు మూసుకున్నాడు, పిల్లలు మూసుకోలేదు. కట్టు రెండు చెక్కలుగా విడగానే లోపలి నుంచి మూడు రూపాయి బిళ్లలు, ఒక స్కెచ్ పెన్ను మూత రాలాయి. డాక్టరు గారు కళ్లజోడు సర్దుకుని వాటిని ట్రేలో వరుసగా పెట్టారు. మూడో వారంలో వచ్చిన అమ్మమ్మ, మొక్కుకుని హుండీలో వేస్తే జబ్బు తగ్గుతుందని మనవడికి చెప్పి వెళ్లింది. ఇంట్లో హుండీలా పైన సందు ఉన్న వస్తువు అదొక్కటే. పిక్క మీద రూపాయంత ఎర్రటి అచ్చు తప్ప పుండేమీ పడలేదు, అది అదృష్టం. మొక్కు తీరింది కాబట్టి డబ్బులు తిరిగి ఇస్తారా అని అబ్బాయి అడిగాడు. పెన్ను మూత తనదని అమ్మాయి అంది.

ఇంటికి వచ్చాక ఇల్లాలు హాల్లో కుర్చీలో కూర్చుని చీటీ చదివింది: ఇంకో నెల బరువులు ఎత్తకూడదు, నేల మీద బాసిపట్టు వేసుకోకూడదు, రోజూ వ్యాయామం చేయాలి, పొయ్యి దగ్గర నిలబడకూడదు. తర్వాత ఫైలు సర్దుతూ ఇంటాయన ఆ చీటీ చూశాడు. కంప్యూటర్లో తీసిన అచ్చు, డాక్టరు గారి రాత అనడానికి లేదు. అందులో మూడే ఉన్నాయి. నాలుగోదాని సంగతి అడుగుదామని హాల్లోకి వస్తుంటే విజిల్ వినిపించింది. ఆయన ఆమె వైపు చూశాడు.

"మనదేనండీ" అంది.