నోటిమాట

గుంటూరు కొత్తపేటలో ఎముకల డాక్టరుగా ఉన్న మా మిత్రుడు చెప్పిన సంగతి ఇది.

ఓ పెద్దాయన నడుంనొప్పితో వచ్చాడట. మూడు వారాల కిందట ఆటో ఒకటి వెనకనుంచి గుద్దితే స్కూటరు మీంచి పడ్డాడు. ఆటోవాడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మావాడు ఆయన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఒక్కో కాలూ మోకాలు వంగకుండా పైకెత్తి చూశాడు. మోకాలి కింద చిన్న సుత్తితో తట్టాడు. కాళ్ళలో తిమ్మిరి ఉందా, ఒంటేలుకు ఇబ్బందా, జ్వరమా, బరువు తగ్గారా అని వరసపెట్టి అడిగాడు. ఏదీ లేదు. తెచ్చుకున్న ఎక్స్‌రే శుభ్రంగా ఉంది.

"కండరం పట్టేసింది సార్. మంచం ఎక్కకుండా నడుస్తూ ఉండండి, తగ్గిపోతుంది."

పెద్దాయన కుర్చీలోంచి లేవలేదు. "ఎమ్మారై రాయండి."

"అవసరం లేదండీ."

"అవసరమో కాదో పడేవాడికి తెలుస్తుంది. ఇరవయ్యేళ్ళ నుంచి ప్రీమియం కడుతున్నాను. అడిగే హక్కు నాకుంది!"

బయట టోకెన్లు పట్టుకుని జనం గొణుగుతున్నారు. అయినా మావాడు ఓపిగ్గా చెప్పాడు. 1994లో అమెరికాలో నడుంనొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీశారు. వాళ్ళలో డిస్కులన్నీ సవ్యంగా ఉన్నవాళ్ళు 36 శాతమే. "మీకు తీసినా ఏదో ఒకటి కనిపించవచ్చు. నొప్పి దానివల్లేనని మాత్రం చెప్పలేను."

"కనిపిస్తే చాలు!" అన్నాడాయన.

ఇలా దబాయించే రోగులంటే డాక్టర్లకు ఒళ్ళు మంట. మావాడికీ మంటే గానీ, వాడు కాస్త చదువుకున్నవాడు. కెనడాలోని మెగిల్ యూనివర్సిటీలో మైఖేల్ సలివన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం, దెబ్బ తగిలినవాళ్ళలో 'నాకు అన్యాయం జరిగింది' అన్న బాధ ఎంతుందో కొలిచే ప్రశ్నావళి ఒకటి 2008లో ప్రచురించింది. ఆ బాధ ఎక్కువున్నవాళ్ళకు నొప్పీ ఎక్కువే, తిరిగి పనిలోకి వెళ్ళడమూ ఆలస్యమే. పారిపోయిన ఆటోవాడు దొరకడు. దొరికేది ఎదురుగా కూర్చున్న డాక్టరు. ఆ బాకీ ఇక్కడ వసూలు కావాలి. పైగా మాత్ర రాసి పంపేస్తే, నీది వట్టి వేషమని అన్నట్టు వినిపిస్తుంది.

అందుకే మావాడు గొంతు తగ్గించాడు. "మీ నొప్పి అబద్ధమని నేననడం లేదండీ. రోగి నొప్పి అంటే ఆ మాటను గౌరవించాలని, నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో రాసుకుంది కూడా. నేను నమ్ముతున్నాను. ఇంట్లోవాళ్ళూ నమ్ముతున్నారు. ఇంక ఆ ఫిల్మూ, ఆ రిపోర్టూ దేనికి?"

పెద్దాయన మావాడి వంక జాలిగా చూశాడట.

"మీరు కుర్రాళ్ళు డాక్టరు గారూ, మీకు లోకం తెలీదు. నోటిమాట ఎవరు నమ్ముతారండీ? ఇన్సూరెన్సు కంపెనీలో రిటైరయ్యేదాకా యాక్సిడెంటు క్లెయిములు చూసింది నేనే. కాగితం లేకుండా నొప్పి అన్నవాణ్ణి ఒక్కణ్ణంటే ఒక్కణ్ణి నమ్మలేదు!"